నాన్నగారి ఊపిరి లెక్కలు

మన భాషలో గురకకి ఉన్నంత మంచి పేరు ఇంకే జబ్బు లక్షణానికీ లేదనుకుంటాను. "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటే చీకూ చింతా లేనివాడని అర్థం. పెళ్ళిళ్ళలో విడిదింట్లో వరసగా పరిచిన జంపఖానాల మీద పెదనాన్నలూ బాబాయిలూ ఒకరిని మించి ఒకరు గురక పెడుతుంటే, పిల్లకాయలంతా దుప్పట్లో నోరు మూసుకుని నవ్వుకోవడం మనందరికీ అనుభవమే. ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి ఒక నిశ్శబ్దం వస్తుంది చూశారూ.. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం. ఆ తర్వాత ఎవరో గొంతు వదిలేసినట్టు ఒక పెద్ద ఎగశ్వాస, మళ్ళీ గురక. చప్పుడుని అందరూ తిట్టుకుంటారు, నిశ్శబ్దాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు జబ్బు ఉన్నది ఆ నిశ్శబ్దంలోనే.

దాని పేరే స్లీప్ ఆప్నియా. 2022 ఫిబ్రవరిలో బప్పీలహరి పోయినప్పుడు డాక్టర్లు కారణాల్లో ఈ పేరు చెప్పారు. "గ్యాంగ్ లీడర్", "స్టేట్ రౌడీ" పాటలు వింటూ పెరిగినవాళ్ళలో చాలామంది ఆ మాట వినడం అదే మొదటిసారి కావచ్చు. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై, గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, మనిషి మళ్ళీ నిద్రలోకి జారతాడు. పొద్దున లేచాక ఇదేమీ గుర్తుండదు. "ఎనిమిది గంటలు పడుకున్నా ఇంకా నిద్ర తీరలేదేమిటో" అన్న ఒక్క మాట తప్ప.

ఇది మా ఇంట్లోకి వచ్చింది నాన్నగారితో. ఆయన తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2023లో మా దగ్గరికి సింగపూర్ వచ్చినప్పుడు, ఇక్కడి ఫ్లాట్ల గోడలు ఎంత పల్చగా ఉంటాయో మాకు తెలిసొచ్చింది :-) మా ఆవిడ మూడు రాత్రులు విని, నాలుగో రోజు పొద్దున "మావయ్యగారి గురక సంగతి కాదు, మధ్యలో ఆగిపోతోంది. నేను లెక్కపెట్టాను" అంది. పరీక్ష చేయిస్తే గంటకి 38 సార్లు అని వచ్చింది. ఏడు గంటల నిద్రకి లెక్క కడితే 266. ఒక్క రాత్రిలో 266 సార్లు ఒక మనిషికి ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్న మాట.

ఇందులో మా నాన్నగారు ప్రత్యేకమేమీ కాదు. సింగపూర్‌లో చైనీయులు, మలయులు, భారతీయులు ముగ్గురినీ కలిపి చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. పెద్దవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి మధ్యస్థంగానో తీవ్రంగానో ఈ సమస్య ఉందనీ, వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి ఆ సంగతే తెలియదనీ తేలింది. నేను రోజూ రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లో దిగుతాను. రెండు మెట్రో లైన్లు కలిసేచోటు, పైన అంతా బ్యాంకుల ఆకాశహర్మ్యాలు. ఆ అధ్యయనం చదివిన దగ్గర్నుంచి, కంపార్ట్‌మెంట్లో కమ్మీ పట్టుకుని నిలబడే తూగేవాళ్ళని చూస్తే "పాపం రాత్రి డిప్లాయ్‌మెంట్ ఉందేమో" అనుకోవడం మానేశాను.

సరే, అసలు విషయానికొస్తాను. దీనికి మందు మాత్ర కాదు, గాలి. సీప్యాప్ అనే యంత్రం ముక్కుకి తగిలించిన మాస్కులోకి రాత్రంతా కొంచెం ఒత్తిడితో గాలి పంపుతుంది. ఆ ఒత్తిడే గొంతుని మూసుకుపోకుండా లోపలినుంచి ఎత్తిపట్టి ఉంచుతుంది, తాటాకు పందిరికి గుంజ ఉన్నట్టు. దీన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన కాలిన్ సలివన్. 1981లో ఐదుగురు రోగుల మీద ఫలితాలని లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. మొదట్లో వాడింది వాక్యూమ్ క్లీనర్ మోటారు, మాస్కుని ముక్కుకి జిగురుతో అంటించాల్సి వచ్చేది. నవ్వొచ్చినా, అంతకుముందు జబ్బు ముదిరినవాళ్ళకి డాక్టర్లు చూపించగలిగిన దారి గొంతుకి చిల్లు పెట్టడం ఒక్కటే. దానితో పోలిస్తే జిగురు ఎంత నయం!

ఆనాటి యంత్రం గాలి ఊదేది, అంతే. మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో దానికి అనవసరం. ఇప్పటి యంత్రం అలా కాదు. ఊదుతూనే వింటుంది. విన్నది రాసుకుంటుంది. రాసుకున్నది చెబుతుంది. ఈ వినడం, రాయడం, చెప్పడం అన్న మూడింటి మీదే ఏడాదిన్నరగా నాకూ మా నాన్నగారికీ మధ్య ఒక చిన్న యుద్ధం నడుస్తోంది. అది చెప్పే ముందు యంత్రం ఎలా వింటుందో చెప్పాలి.

నా ఉద్యోగం ఒక బ్యాంకు కంప్యూటర్లు బతికున్నాయో లేదో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ రాయడం. అందుకని ఇది నాకు మా ఆఫీసు పనిలాగే కనిపించింది. యంత్రంలో ప్రధానంగా ఉండేవి రెండు సెన్సర్లు, గాలి ఒత్తిడి చూసేది ఒకటి, గాలి ప్రవాహం చూసేది ఇంకొకటి. ముక్కు దగ్గర ఏ సెన్సరూ లేదు. ఛాతీకి బెల్టు లేదు, వేలికి క్లిప్పు లేదు, తలకి వైర్లు లేవు. మంచం పక్కన టేబుల్ మీద కూర్చుని, ఆరడుగుల గొట్టం ఈ చివర నుంచి, ఆ చివరనున్న మనిషి ఊపిరిని పసిగట్టాలి.

అదీ తిన్నగా తెలియదు. మాస్కుకి కావాలనే చిన్న చిన్న చిల్లులు పెడతారు, వదిలిన గాలి బయటికి పోవడానికి. ఆ చిల్లుల్లోంచి ఏ ఒత్తిడి దగ్గర ఎంత గాలి పోతుందో యంత్రానికి ముందే తెలుసు. మాస్కు అంచుల దగ్గర కారిపోయే గాలి వేరే. మొత్తం ప్రవాహంలోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది మనిషి ఊపిరి. పాలవాడు తెచ్చిన బిందెలోంచి నీళ్ళు తీసేసి పాలెన్నో చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే కారడం మరీ ఎక్కువైతే లెక్క చెడిపోతుంది. ఒక ప్రముఖ కంపెనీ యంత్రాల్లో నిమిషానికి 24 లీటర్లు దాటితే "పెద్ద లీకు" కింద గుర్తు పెడతారు. ఆ సమయంలో "ఊపిరి ఆగలేదు" అని యంత్రం రాసినా దానికి పెద్ద విలువ లేదు. అది ఆగకపోవడం కాదు, వినపడకపోవడం. మా ఆఫీసులో కూడా అలర్ట్ రాలేదంటే సర్వరు బాగుందని అనుకోవచ్చు, అలర్ట్ పంపేవాడే చచ్చిపోయాడనీ అనుకోవచ్చు.

ప్రవాహం బాగా పడిపోయి పది సెకన్లు గడిస్తే ఆప్నియా. సగం సగం తగ్గితే హైపాప్నియా. ఊపిరి పీల్చేటప్పుడు గీత గుండ్రంగా లేచి దిగకుండా పైన బల్లపరుపుగా అయిపోతే గొంతు ఇరుకవుతోందని అర్థం. ఒత్తిడిలో సన్నటి వణుకు కనిపిస్తే గురక. తనంతట తాను ఒత్తిడి సర్దుకునే "ఆటో" యంత్రాలు ఈ చివరి రెంటినీ చూసే, ఊపిరి పూర్తిగా ఆగకముందే గాలి పెంచుతాయి. ఇంతవరకూ బానే ఉంది. చిక్కల్లా ఆప్నియాలోనే. ఎందుకంటే ఊపిరి ఆగడానికి కారణాలు రెండు. మొదటిది, దారి మూసుకుపోవడం. రెండోది, దారి శుభ్రంగా తెరుచుకునే ఉన్నా, "పీల్చు" అని మెదడు చెప్పకపోవడం. దీన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. సెన్సరుకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒక అడ్డగీత.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుంది? మొదటి దానికి ఒత్తిడి పెంచితే దారి తెరుచుకుంటుంది. రెండో దానికి ఒత్తిడి పెంచితే ఉపయోగం లేదు, కొందరిలో ఇంకా ఎక్కువవుతుంది కూడా. పాత ఆటో యంత్రాలకి ఈ తేడా తెలిసేది కాదు. అందుకని వాటిని తయారుచేసినవాళ్ళు ఒక మధ్యేమార్గం పట్టారు. 2000ల నాటి ఒక యంత్రం, ఒత్తిడి 10 సెంటీమీటర్ల నీటి మట్టం దాటాక ఆప్నియా కనిపించినా దాన్ని చూసి మరి పెంచేది కాదు. తెలియనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడమే మేలని.

కొత్త యంత్రాలు చేసే పని నాకు భలే నచ్చింది. సంతలో మనం పుచ్చకాయని వేలితో కొట్టి చూస్తాం కదా, అదే. ఊపిరి ఆగిన కొన్ని సెకన్లకి యంత్రం గాలిలో ఒక చిన్న వణుకు పుట్టిస్తుంది. 2010లో వచ్చిన రెస్‌మెడ్ ఎస్9 తరం నుంచి ఆ కంపెనీ పద్ధతి ప్రకారం సెకనుకి నాలుగుసార్లు, ఒక సెంటీమీటరు నీటి ఒత్తిడంత. నిద్రపోయేవాడికి తెలియదు. దారి తెరిచి ఉంటే ఆ వణుకుకి తగ్గట్టు గాలి ఊపిరితిత్తులదాకా ముందుకీ వెనక్కీ కదులుతుంది. మూసి ఉంటే గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. ఫిలిప్స్ వాళ్ళు వణుకు బదులు చిన్న చిన్న తోపులు తోసి, వచ్చే ఊపిరి స్పందన చూస్తారు. మా భాషలో చెప్పాలంటే ఇది పింగ్! జవాబివ్వని సర్వరుని "వైరు తెగిందా, నువ్వే నిద్రపోతున్నావా?" అని అడగడం. ఈ సంగతి తెలిసిన రోజు మా డామేజరుకి కూడా చెప్పాను, ఆయన "దీనికి ఎస్‌ఎల్‌ఏ ఎంత?" అన్నాడు. ఆయనతో అంతే.

అయితే ఈ పుచ్చకాయ పరీక్ష కూడా బ్రహ్మవాక్కు కాదు. సెంట్రల్ ఆప్నియా మధ్యలో గొంతు కూడా మూసుకుపోతే తప్పు పేరు పడుతుంది. లీకు ఎక్కువగా ఉంటే ఏ పేరూ పెట్టకుండా "వర్గీకరించనిది" అని రాసి వదిలేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందో లేదో యంత్రానికి తెలియదు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా లెక్కపెడుతోందనీ, ఒకరి అంకెలని ఇంకొకరి అంకెలతో పోల్చడం జాగ్రత్తగా చేయాలనీ అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2013లోనే ఒక ప్రకటనలో చెప్పింది.

ఇక చెప్పడం. 2014 తర్వాత వచ్చిన యంత్రాల్లో చాలావాటికి లోపలే మోడెం ఉంటుంది. పొద్దున మాస్కు తీయగానే రాత్రి సంగతులన్నీ ఆసుపత్రికో, యంత్రం అమ్మినవాళ్ళకో వెళ్ళిపోతాయి. మొదటినుంచీ ఈ ఏర్పాటు వెనక డబ్బు లెక్క ఉంది. అమెరికాలో మెడికేర్ వాళ్ళు మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరస 30 రోజుల్లో, 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం 4 గంటలు వాడితేనే డబ్బు కడతారు. అంటే యంత్రం చెప్పే మొదటి కబురు ఊపిరి గురించి కాదు, హాజరు గురించి. రోగి ఫోన్లో కనిపించే మైఎయిర్ అనే యాప్ 100కి మార్కులు వేస్తుంది. అందులో వాడిన గంటలకి 70, మాస్కు బిగుతుకి 20, మాస్కు తీసి పెట్టడాలకి 5, మిగిలిన 5 ఊపిరి ఆగడాలకి. అవును, అసలు జబ్బుకి నూటికి ఐదు మార్కులు! ఇది చెప్పినప్పుడు మా నాన్నగారు కళ్ళజోడు తీసి నావైపు చూసి, "హాజరుకి డెబ్బై మార్కులిచ్చే బడి ఏదిరా?" అన్నారు.

2024 మొదట్లో ఆయన యంత్రంతో సహా తెనాలి వెళ్ళిపోయారు. సింగపూర్‌లో కొన్న యంత్రం మోడెం అక్కడ పలకలేదు. అయితే దానికి చిన్న మెమరీ కార్డు ఉంటుంది. అందులో యంత్రం సెకనుకి 25 సార్లు ప్రవాహాన్ని రాసుకుంటుంది, ప్రతి ఊపిరీ ఒక అలలా గీసుకోవచ్చు. ఫైళ్ళు ఈడీఎఫ్ అనే రకం, 1992లో ఐరోపాలో నిద్ర పరిశోధకులూ వాళ్ళూ ఒకరి రికార్డులు ఒకరు చదువుకోవడానికి పెట్టుకున్న పద్ధతి. మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, ప్రతి ఆదివారం కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి నాకు పంపుతాడు. నేను "ఆస్కార్"లో తెరిచి చూస్తాను. 2023లో "నాటు నాటు"కి వచ్చిన ఆస్కార్ కాదు లెండి, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో మార్క్ వాట్కిన్స్ అనే ప్రోగ్రామరు, రోగులు తమ యంత్రం ఏం రాసుకుందో తామే చూసుకునేలా స్లీపీహెడ్ అని ఒకటి రాశాడు. 2019లో ఆయన దాన్ని ఆపేశాక, వాడేవాళ్ళే ఆ కోడు తీసుకుని ఆస్కార్ పేరుతో కొనసాగిస్తున్నారు.

అలా మొదలైంది మా యుద్ధం. తెనాలి కంటే మాకు రెండున్నర గంటలు ముందు. అక్కడ ఆరున్నరకి ఆయన కాఫీ తాగుతుంటే ఇక్కడ తొమ్మిది, నేను రాఫెల్స్ ప్లేస్ స్టేషన్ ఎస్కలేటర్ ఎక్కుతుంటాను. పైకొచ్చి పచ్చిక పక్కన నిలబడి ఫోన్ చేసేవాణ్ణి. "నాన్నగారూ, గురువారం రాత్రి రెండింటికి మాస్కు ఎందుకు తీసేశారు? శుక్రవారం మూడున్నర గంటలే పెట్టుకున్నారు." నాలుగైదు వారాలు ఓపిక పట్టి, ఒకరోజు ఆయన అన్నారు, "ఒరేయ్, నలభై ఏళ్ళు నేను పిల్లల హాజరు వేశాను. ఇప్పుడు నా హాజరు నువ్వు వేస్తున్నావు. రాత్రి నేను ఎన్నిసార్లు బాత్రూముకి వెళ్ళానో కూడా సముద్రం అవతల కూర్చుని చెబుతున్నావు. మీ అమ్మకి కూడా తెలియదురా అది."

నవ్వుతూనే అన్నారు గానీ, నాకు చాలాసేపు ఆ మాట పోలేదు. దూరంలో ఉన్న కొడుకులం మనకి ఏం దొరుకుతుంది చెప్పండి? ఫోన్లో "బానే ఉన్నాను" అన్న మాట తప్ప. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి గొంతు వింటాం, అమ్మని పక్కకి పిలిచి అడుగుతాం, అక్కని అడుగుతాం. అలాంటిది ఒక యంత్రం ఆయన ప్రతి ఊపిరినీ గీసి పంపుతుంటే చూడకుండా ఎలా ఉంటాను? ఆయన వైపునుంచి చూస్తే, నిద్ర ఒక్కటే మనిషి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని చోటు. అక్కడ కూడా కొడుకు టార్చిలైటు వేస్తున్నాడు.

ఆ తర్వాత ఆయనే ఒక మార్గం కనిపెట్టారు. "ఏదీ, ఆ లెక్క ఎలా చేస్తారో ముందు నాకు చెప్పు" అన్నారు. తెరమీద ముందురోజు రాత్రి అంకె 3.14 అని ఉంది. గంటకి అన్నిసార్లు అని చెప్పాను.

"మొత్తం ఎన్ని?"

"22."

"మాస్కు ఏడు గంటలు పెట్టుకున్నాను. 22 బై 7. ఇది 'పై' కదరా!" అని కాసేపు సంబరపడి, వెంటనే మాస్టారైపోయారు. "రెండింటి నుంచి మూడున్నర దాకా నేను మెలకువగా ఉన్నాను. మాస్కు తీయకుండానే విష్ణుసహస్రనామం చదువుకున్నాను. ఆ గంటన్నర హారంలో ఎందుకు ఉంది?"

ఉంది మరి. నిద్ర పరీక్షలో తలకి వైర్లు పెడతారు కాబట్టి నిజంగా నిద్రపోయిన గంటలతో భాగిస్తారు. ఇంట్లో యంత్రానికి నిద్రా మెలకువా తెలియవు, మాస్కు పెట్టుకున్న గంటలన్నిటితో భాగిస్తుంది. పైగా ఆ గంటన్నరలో మూడు ఆప్నియాలు కూడా రాసింది. సహస్రనామం చదివేవాడు నామానికీ నామానికీ మధ్య ఊపిరి బిగపడతాడని దానికెలా తెలుస్తుంది? ఆయన కాగితం తీసుకుని పైన 19, కింద అయిదున్నర వేశారు. 3.45 వచ్చింది. "లవమూ తప్పే, హారమూ తప్పే. రెండు తప్పులూ కలిసి జవాబు దగ్గరకొచ్చింది. ఇలాంటివాడికి నేను మార్కులు వేసేవాణ్ణి కాదు" అన్నారు. ఆ తర్వాత సగటు మీద పడ్డారు. ఆ 19లో 12 తెల్లవారుజామున ముప్పావుగంటలోనే ఉన్నాయి. "క్లాసు సగటు అరవై వచ్చిందంటే తప్పినవాళ్ళ సంగతి హెడ్మాస్టరుకి తెలియదు" అని ఆయన తీర్పు. గంటకి 5 లోపు ఉంటే మంచిదని పుస్తకాలు చెబుతాయి, నిజమే. ఆ అయిదు రాత్రంతా చెదురుగా ఉన్నాయా, ఒకచోట కుప్పగా పడ్డాయా అన్నది ఆ అంకెలో ఉండదు.

ఆ రోజునుంచి ఆయన ఒక నోటుబుక్కు పెట్టారు. ఎడమవైపు యంత్రం చెప్పింది, కుడివైపు తను చెప్పేది. ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఏం తిన్నారు, జలుబుందా, ఏ మందు వేసుకున్నారు. దాని విలువ ఏమిటో 2024 ఆగస్టులో తెలిసింది.

అప్పటిదాకా మూడు, నాలుగు మధ్య ఉన్న అంకె ఆరయింది, తర్వాత తొమ్మిదయింది. రంగులు చూస్తే, మూసుకుపోయే ఆప్నియాలు ఎప్పట్లాగే గంటకి ఒకటి లోపే. పెరిగినవన్నీ "దారి తెరిచే ఉంది" రకం, అంటే సెంట్రల్. యంత్రం వణుకు పంపింది, గాలి హాయిగా కదిలింది, మనిషే పీల్చలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుండె బలహీనపడినప్పుడు కూడా ఇలా అవుతుందని చదివి ఉన్నాను. 2015లో వచ్చిన సర్వ్-హెచ్‌ఎఫ్ అన్న పరీక్ష సంగతీ తెలుసు. గుండె పంపింగ్ బాగా తగ్గి, సెంట్రల్ ఆప్నియా ఉన్నవాళ్ళకి ఊపిరిని సరిచేసే ప్రత్యేక యంత్రం పెడితే, రాత్రి అంకెలు బ్రహ్మాండంగా తగ్గాయి, గుండె జబ్బుతో చనిపోయేవాళ్ళు మాత్రం పెరిగారు. అంకె బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు అని వైద్యలోకానికే చెప్పిన పాఠం అది.

గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు కూడా యంత్రం జోలికి పోకుండా ముందు గుండెకి ఎకో తీయించమన్నారు. అది వచ్చేదాకా రెండు రోజులు నేను ఆఫీసులో ఏం పని చేశానో చెప్పలేను. ఎకో బాగుంది. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న, మా ఆఫీసులో ఏదైనా కూలిపోయినప్పుడు మేం మొదట అడిగే ప్రశ్నే. "ఇది ఏ రోజు మొదలైంది? ఆ రోజు ఏం మారింది?"

ఏ రోజో ఆస్కార్ గీత చెప్పింది, జులై మూడో వారం. ఏం మారిందో నోటుబుక్కు కుడి పేజీ చెప్పింది. మోకాళ్ళ నొప్పులకి వేరే డాక్టరు దగ్గర కొత్త మాత్ర మొదలుపెట్టారు. అందులో ట్రమడాల్ ఉంది. నల్లమందు కుటుంబానికి చెందిన నొప్పి మందులు, ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగాన్ని మందగింపజేస్తాయని, సెంట్రల్ ఆప్నియా తెప్పించగలవని వైద్యులకి తెలిసిన విషయమే. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని మందు మార్చారు. రెండు వారాల్లో అంకె మళ్ళీ నాలుగు లోపుకి వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. నాన్నగారు మాత్రం "ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువు కాదురా. వేరే కారణం ఉండొచ్చు. అయినా తగ్గింది, సంతోషం" అని రాసుకున్నారు, కుడి పేజీలో.

నేను ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పాత తరం యంత్రమైతే "ఆప్నియాలు పెరిగాయి" అని మాత్రమే చెప్పేది, బహుశా ఎవరో ఒకరు ఒత్తిడి పెంచేవారు. కొత్తది, ఏ రకం పెరిగాయో చెప్పింది. ఎందుకో మాత్రం అదీ చెప్పలేదు. ఎందుకో చెప్పింది డెబ్బై ఏళ్ళకి దగ్గరపడుతున్న మనిషి చేతిరాత. ఎడమ పేజీ లేకపోతే కుడి పేజీని ఎవరూ వెతికేవాళ్ళు కాదు, కుడి పేజీ లేకపోతే ఎడమ పేజీ మమ్మల్ని భయపెట్టి వదిలేసేది.

మీ ఇంట్లో కూడా ఎవరికైనా ఈ యంత్రం ఉంటే రెండు మాటలు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు యాప్ మార్కులు కాదు, కార్డు పట్టుకెళ్ళండి. మొత్తం అంకెతో సరిపెట్టుకోకుండా, మూసుకున్నవెన్ని, తెరిచి ఉన్నవెన్ని, లీకు ఎంత అని విడివిడిగా అడగండి. మందులు, ఒత్తిడి సెట్టింగులు సొంతంగా మార్చకండి, అది వాళ్ళ పని.

మా యుద్ధం సంధితో ముగిసింది. షరతులు ఆయనే రాశారు. మొదటిది, లెక్క ముందు ఆయన చూస్తారు, తర్వాత నేను. రెండోది, రోజువారీ ఫోన్లో మాస్కు మాట ఎత్తకూడదు, ఆదివారం ఒక్కరోజే. మూడోది, ఎడమ పేజీ పంపితే కుడి పేజీ కూడా పంపుతారు, రెండూ చదవకుండా నేను నోరెత్తకూడదు. ఇప్పుడు మేనల్లుడు కార్డు ఫైళ్ళతో పాటు నోటుబుక్కు ఫొటో కూడా పెడుతున్నాడు. మొన్న ఆదివారం వచ్చినదాంట్లో మంగళవారం ఎడమ పేజీలో 4 గంటల 10 నిమిషాలు అని ఉంది. దాని ఎదురుగా ఎర్రసిరాతో, "రాత్రి రెండు గంటలు కరెంటు లేదు, ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. ఇది నా ఖాతాలో వేయొద్దు."